బెల్లు నొక్కని మెకానిక్

హెడ్ నర్సు ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇస్త్రీ చీర నలగకుండా ఆసుపత్రికి చేరాలి, నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ ఇవ్వాలి, ఈలోపు భర్తతో గొడవ పడకూడదు. మూడోదే కష్టమని ఆమెకు తెలుసు. అందుకే చెప్పులు వేసుకుని నోరు మూసుకుని మెట్లవైపు నడిచింది.

"మెట్లెందుకు? నిన్నే నా చేతుల్తో బాగుచేశాను. పూలపల్లకీలా దిగుతుంది" అన్నాడు భర్త. ఆయన లిఫ్ట్ మెకానిక్.

పూలపల్లకీ రెండో అంతస్తు దగ్గరపడుతుండగా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు.

"బెల్లు నొక్కండి."

"ఉండు, అదే కదులుతుంది."

కదల్లేదు. ఆమె చెయ్యి చాచేసరికి ఆయన బెల్లుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"నేను బాగుచేసిన లిఫ్ట్‌లో నేనే ఇరుక్కున్నానని అందరికీ గంట కొట్టి చెప్పమంటావా? నాకూ ఆత్మాభిమానం ఉంది."

"అది ఆత్మాభిమానం కాదండీ, పొగరు! ఆత్మాభిమానం ఉంటే పని సరిగ్గా చేసేవారు."

"మా నాన్న ఎవరి ముందూ తల వంచలేదు."

"అందుకే మావయ్యగారు ప్రతి గుమ్మానికీ తల బాదుకునేవారు. జరగండి! జరక్కపోతే చంపేస్తాను!"

ఆ చివరి మాట రెండో అంతస్తు పిన్నిగారి చెవిన పడింది. ఎవరు ఎవరిని అన్నారో ఆవిడ విచారించలేదు. నేరుగా హెడ్ నర్సు అన్నయ్యకు ఫోను చేసింది. "మీ చెల్లెల్ని లిఫ్ట్‌లో పెట్టి చంపేస్తున్నాడు బాబూ!"

ఆ అన్నయ్య కూడా లిఫ్ట్ మెకానిక్కే. ఒకప్పుడు బావా, తనూ కలిసి ఒకే షాపు నడిపారు. ఒక ఖాతాదారు ఎదుట "మా బావకి కొంచెం అహంకారం" అని అన్నయ్య నోరు జారడంతో షాపు రెండయింది, మాటలు లేకుండా పోయాయి. ఇప్పుడు స్పానర్ పట్టుకుని, దాంతో మనిషిని కొట్టాలో లిఫ్ట్ విప్పాలో తేల్చుకోకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లి బతికుందా?"

"ఉంది. నా ప్రాణం తీస్తోంది" అన్నాడు భర్త లోపలినుంచి.

అన్నయ్యకు భయం తగ్గింది. తగ్గగానే పట్టింపు లేచింది. "అయితే 'బావా, తలుపు తియ్యి' అని ఒక్క మాట అడగమను."

"నేనడగను."

"అడక్కపోతే నేను తియ్యను. నాకూ ఓ మర్యాద ఉంది."

వార్డులో ఎంతటి రోగి మీదా గొంతు పెంచని మనిషి ఒక్కసారిగా అరిచింది. "అన్నయ్యా, తలుపు తియ్యకపోతే ఈ జన్మలో నీ గడప తొక్కను! ఏవండీ, అడక్కపోతే ఇవాళ్టి నుంచి మీ వంట మీదే!"

భర్త లిఫ్ట్ పైకప్పును చూస్తూ అన్నాడు: "ఎవరైనా తలుపు తీస్తే నాకు అభ్యంతరం లేదు."

అన్నయ్య ఎదురుగోడతో అన్నాడు: "ఎవరో అడిగినట్టు వినిపించింది."

తలుపు తెరుచుకుంది.

భర్త స్కూటర్ మీద ఎంత వేగంగా తీసుకొచ్చినా, ఆసుపత్రికి చేరేసరికి ఆమె పేరు పిలవడం అయిపోయింది. గుమాస్తా జాలిపడ్డాడు. "లోపలికెళ్లి, ఆలస్యమైంది క్షమించండి అని ఒక్క మాట చెప్పండమ్మా. చివర్లో పిలుస్తారు."

"క్షమాపణా? నేనా? ఇన్నేళ్లలో ఒక్క డ్యూటీకి ఆలస్యంగా రాలేదు. నా తప్పు లేనిదానికి నేను చెప్పను. పోతే పోయింది పోస్టు!"

మండిపోతున్న ముఖంతో బల్లమీద కూర్చుంది. భర్త ఆమెను చూశాడు, తలుపును చూశాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. సగం మూసిన తలుపులోంచి ఆయన గొంతు వినిపించింది.

"అయ్యా, తప్పు నాది. లిఫ్ట్ బాగుచెయ్యడం చేతకాలేదు. ఇరుక్కున్నాక బెల్లు నొక్కడానికి నామోషీ అడ్డొచ్చింది. ఆవిడ తప్పేం లేదు. క్షమించండి."

ఆ నోట ఆ మాట ఆమె కాపురానికి వచ్చాక ఎన్నడూ వినలేదు. ఆయన బయటికి రాగానే కళ్లు తుడుచుకుని మీద పడింది. "నా తరఫున మిమ్మల్నెవరు తల వంచమన్నారు? నా పరువేం కావాలి?"

"నీ తరఫున కాదు, నా తరఫునే చెప్పాను" అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"అమ్మా, పిలుస్తున్నారు" అన్నాడు గుమాస్తా.

పోస్టు ఆమెకే వచ్చింది. ఆ రోజంతా భార్యాభర్తలు ఒకరిని చూసి ఒకరు గర్వపడ్డారు. గర్వపడ్డానన్న మాట ముందుగా పైకి అనాల్సింది అవతలి మనిషేనని ఇద్దరూ ఇంకా ఎదురుచూస్తున్నారు.