సుదేష్ణ పేరుకు యజమాని టుస్కి

పేరు పెట్టే హక్కు కన్నవాళ్ళదని అనుకోవడం వెనకటి రోజుల అమాయకత్వం. కన్నవాళ్ళు చేసేది ప్రతిపాదన మాత్రమే. ఆ పేరు ఆ మనిషికి చెందుతుందా లేదా అన్నది నామధేయ సరఫరా సంస్థవారు తేలుస్తారు. (ఆ సంస్థ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఫోను చేస్తే సితారు వినిపిస్తుంది.)

మా అమ్మాయి సుదేష్ణా పాక్రాశి రోజూ చందన్‌నగర్ రేవులో లాంచీ ఎక్కి, గంగ దాటి, ఉద్యోగానికి వెళ్తుంది. లాంచీలో జనం మాట్లాడుకునే మాటలన్నీ సాయంత్రం బ్లాగులో రాస్తుంది. నేను తప్పకుండా చదువుతాను, ఎవరైనా నీళ్ళలో పడ్డారేమో తెలుసుకోవాలి కదా.

కోల్‌కతాలో ఒక పత్రికవాళ్ళు ఆదివారం పేజీలో కొత్త రచయితలను పరిచయం చేస్తారు. అందులో తన పేరు చూసుకోవాలని పిల్లకు బడి రోజుల నుంచీ ఆశ. వాళ్ళ నిబంధన ఒక్కటే. బ్లాగు ఇంటర్నెట్ చిరునామా రచయిత సొంత పేరుతో ఉండాలి, ఆ పేరు రచయిత సొంతమై ఉండాలి. ఉచితంగా దొరికిన చిరునామాలో రాసుకునేవాళ్ళు ఒకరి అరుగు మీద పడుకున్నవాళ్ళతో సమానం, వాళ్ళ రచనలు పరిశీలించబడవు.

కనుక సుదేష్ణ తన పేరు తాను కొనుక్కోవాల్సి వచ్చింది.

"కొనడమంటే పూర్తిగా కొనడం కాదమ్మా, ఏడాదేడాదికీ కట్టుకోవాలి" అంది.

"కట్టకపోతే?"

"ఇంకెవరైనా తీసేసుకుంటారు."

"నీ పేరునా? మరి నిన్నేమని పిలవాలే?"

"లాంచీ వెళ్ళిపోతుందమ్మా! పేరు వెతికి పెట్టాను, డబ్బు కట్టేశాను. యజమాని వివరాలు నింపి నొక్కెయ్యి, చాలు" అని పరుగెత్తింది.

యజమాని పేరు అని ఒక గడి ఉంది. దాని కింద చీమల్లాంటి అక్షరాలతో, ఈ వివరాలు ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు అని ఉంది. ప్రపంచంలో ఎవరెవరున్నారో నాకు తెలుసు. రోజూ వార్తలు చూస్తాను.

మా బెంగాలీల ఇళ్ళలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడికీ ఆఫీసుకీ పెళ్ళిపత్రికకీ మంచి పేరు, అన్నానికి పిలవడానికి ముద్దుపేరు. మంచి పేరుకు కాగితాలుంటాయి, కాబట్టి శత్రువులూ ఉంటారు. ముద్దుపేరుకు రెండూ ఉండవు. అందుచేత ఆ గడిలో పిల్ల ముద్దుపేరుతో టుస్కి పాక్రాశి అని రాశాను. (ఇంటి చిరునామా మాత్రం నిజమే రాశాను. అబద్ధం రాస్తే చర్య తీసుకుంటామని బెదిరించారు.)

సాయంత్రం మా ఆయన తల పట్టుకున్నాడు. "ఓ టుస్కి వాళ్ళమ్మా, ఇంటి గుమ్మం చూపించి పేరు దాచావా? దొంగ పేరెత్తుకుపోతాడా, బీరువా ఎత్తుకుపోతాడా?"

"బీరువా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నాను. ఆయన లేచి వెళ్ళి బీరువా తాళం లాగి చూసుకున్నాడు.

కొత్త పేరు లోకమంతా పాకడానికి రెండు రోజులు పడుతుందని సంస్థవారు తెలియజేశారు. (మా పక్కింటి శంపా వదినకు చెబితే మధ్యాహ్నానికే అయిపోయేది.) ఈలోగా గుర్తింపు కార్డు పంపమన్నారు. సుదేష్ణ పంపింది. వెంటనే బ్లాగుకు తాళం పడింది. పేరు కొడితే ఎర్రటి తెర వచ్చి, ఈ చోటు సురక్షితం కాదు, వెనక్కి వెళ్ళండి అనసాగింది. ఇన్నేళ్ళుగా నేను చెబుతున్న మాట ఒక సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

నామ యాజమాన్య ధ్రువీకరణ ఉప పర్యవేక్షకుడు ఫోనులో దొరికాడు. సుదేష్ణ స్పీకరు పెట్టింది.

"మేడమ్, సుదేష్ణా పాక్రాశి అనే పేరు టుస్కి పాక్రాశి గారి ఆస్తి. మీరెవరు?"

"నేనే సుదేష్ణని!"

"సంతోషం మేడమ్. కానీ ఆ పేరు మీది కాదు."

"పుట్టినప్పటి నుంచీ నాదేనండీ!"

"పుట్టినప్పుడు మా దగ్గర నమోదు చేయించుకోలేదు కదా మేడమ్."

"అయ్యా, టుస్కి కూడా నేనే."

"అందరూ అలాగే అంటారు మేడమ్. టుస్కి గారికి ఒకసారి ఫోనివ్వండి."

సుదేష్ణ ఫోను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "హలో, టుస్కిని మాట్లాడుతున్నాను."

"ఇద్దరి గొంతూ ఒకేలా ఉంది మేడమ్. అనుమానాస్పదం అని రాసుకుంటున్నాను. టుస్కి గారు నివాస ధ్రువపత్రం పంపితే తాళం తీస్తాం."

"సుదేష్ణ పంపితే?"

"సుదేష్ణ గారికి ఈ విషయంతో సంబంధం లేదు మేడమ్."

పత్రికకు గడువు దగ్గర పడింది. పిల్ల అన్నం మానేసింది. అన్నం మానితే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే లాంచీలో కళ్ళు తిరుగుతాయి, కింద గంగ ఉంది. నేను చెప్పులేసుకుని వార్డు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ కాగితాలు రాసే నితాయిబాబు మా వీధివాడే.

"ఇద్దరూ ఒకటేనని ఒక ముక్క రాసివ్వు బాబూ" అన్నాను.

"వదినా, ఇద్దరూ ఒకటే అనాలంటే ముందు ఇద్దరూ ఉన్నారని తేలాలి. టుస్కి ఉందంటే కళ్ళు మూసుకుని రాసిస్తాను. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఈ సుదేష్ణ ఎవరు?"

"టుస్కి మంచి పేరయ్యా!"

"ఉండొచ్చు. నేనెప్పుడూ వినలేదు. వీధిలో ఎవరైనా విన్నారా? ఇద్దరు సాక్షులను తీసుకురండి."

మిఠాయి కొట్టతను టుస్కి అయితే తెలుసన్నాడు. రేవులో టికెట్లిచ్చే ఆమె టుస్కి బంగారం అంది. శంపా వదిన వీధి చివరికి చూసి, "సుదేష్ణంటే ఆ మూలింట్లో అద్దెకున్న పిల్ల కాదూ? నాకెందుకో ఆ పిల్ల నచ్చదు" అంది.

ఆ విధంగా, టుస్కి పాక్రాశి చందన్‌నగర్ వాస్తవ్యురాలనీ సత్ప్రవర్తన గలదనీ ధ్రువపత్రం వెలువడింది. సుదేష్ణ విషయంలో, విచారణలో ఆచూకీ లభించలేదు అని అదే కాగితం చివర రాశారు. సంస్థవారు ఎంతో తృప్తి చెంది తాళం తీశారు. సుదేష్ణా పాక్రాశి అని కొడితే బ్లాగు గలగలా తెరుచుకుంది. గడువు లోపలే పత్రికకు దరఖాస్తు వెళ్ళింది.

ఆదివారం పేజీవాళ్ళు పద్ధతి గల మనుషులు. పేరుకు యజమాని ఎవరో చూసుకుని, ఇద్దరికీ విడివిడిగా జవాబు రాశారు. సుదేష్ణకు, సొంత పేరుతో చిరునామా లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది అని. టుస్కికి, మీ రచనలు మమ్మల్ని ఏడిపించాయి, ఈ ఆదివారం పరిచయం చేస్తున్నాం, మీ రచనల కింద సుదేష్ణ అనే ఎవరో తన పేరు వేసుకుంటున్నారు, జాగ్రత్తపడగలరు అని.

"అమ్మా, ఇప్పుడు నేను సంతోషపడాలా?" అని అడిగింది పిల్ల.

"ముందు అన్నం తినవే" అన్నాను.

ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా జల్‌భరా సందేశ్ మిఠాయి పెట్టెలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. సుదేష్ణ తలుపు తీసి, టుస్కి ఇంట్లో లేదని చెప్పింది.