లాక్ స్క్రీన్ మీద విశ్వనాథం

ఆ శనివారం పొద్దున విశ్వనాథం పెట్టుకున్న పని ఒక్కటే. ఇండియన్ స్టోరుకి వెళ్ళి కొబ్బరికాయలు, తమలపాకులు తెచ్చి, ముహూర్తం దాటకుండా కొత్త ఇంటి గుమ్మంలో నిలబడాలి. ముందురోజు తెచ్చిన కాయలు కుళ్ళిపోయాయని సుమతి తెల్లవారాక కనిపెట్టింది. మధ్యాహ్నం లోపల పాలు పొంగాలి. మర్నాటి నుంచి మూఢం, మళ్ళీ మంచిరోజు కావాలంటే పిల్లలకు వేసవి సెలవులిచ్చే దాకా ఆగాలి. అపార్ట్‌మెంట్ లీజు చూస్తే ఈ నెలాఖరుతో సరి. పాలు పొంగించని ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోనని సుమతి తేల్చి చెప్పేసింది. ఆవిడ ఒకసారి తేల్చి చెప్పాక మళ్ళీ కదిపే ధైర్యం విశ్వనాథానికి పెళ్ళయిన కొత్తలోనే లేదు, ఇప్పుడెక్కడిది?

అమెరికాలోనే అరోరా ఊరి నుంచి మోరిస్‌విల్‌కి వచ్చి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. తెలిసినవాళ్ళు తక్కువ. పిలిచింది మూడు కుటుంబాలని, అందులో ఒకళ్ళు రాలేమన్నారు. "ఇంత ఇల్లు కొని, పట్టుమని పదిమంది లేకుండా పాలు పొంగించాలా?" అని సుమతి రెండు రోజులుగా గుడ్ల నీళ్ళు కుక్కుకుంటోంది.

ఇక విశ్వనాథం సంగతి. కంపెనీలో ఆయన ఉద్యోగమే జాగ్రత్త. సర్వర్లు కూలిపోతే ఏం చేయాలి, కూలిపోయినప్పుడు చేయాల్సింది కూడా కూలిపోతే ఏం చేయాలి, ఇదీ ఆయన పని. ఆ జాగ్రత్తను ఇంటికి కూడా మోసుకొస్తాడు. కొత్త ఫోన్ కొన్న రోజే, ఇది పోతే ఎలా అని బెంగ పెట్టుకుని, లాక్ స్క్రీన్ మీద పెట్టడానికి స్వయంగా ఒక బొమ్మ తయారు చేశాడు. వెనకంతా నలుపు, బ్యాటరీ ఆదా అవుతుందని. మధ్యలో తన ఫోటో. అరోరా మిత్రులు వీడ్కోలు రోజున మెళ్ళో గులాబీల దండ వేసి, నుదుట నిలువు బొట్టు పెట్టి తీసిన ఫోటో అది. జుట్టు నిండుగా కనిపించేది అందులో మాత్రమే. కింద బంగారు రంగు అక్షరాల్లో పేరు, కొత్త ఇంటి అడ్రసు, 'కుటుంబ సభ్యులు: సుమతి, హాసిని' అని, ఆ కింద సుమతి నంబరు. 'ఫోన్ దొరికినవారు ఈ నంబరుకు తెలియజేయగలరు' అని కూడా రాశాడు గానీ, ఫోటో పెద్దదైపోయి చోటు చాలలేదు. ఫోన్ దొరికినవాడికి ఫోన్ దొరికిందని మనం చెప్పాలా ఏమిటని ఆ వాక్యం తీసేశాడు.

కూతురు హాసిని దాన్ని చూసి మొహం చిట్లించింది. "డాడీ, ఇది చాలా క్రీపీగా ఉంది. జస్ట్ ఇఫ్ ఫౌండ్ ప్లీజ్ కాల్ అని పెట్టు. చూస్తే నాకు సాడ్ వస్తోంది."

"రావాలి! చూసినవాడికి జాలి కలిగితేనే తిరిగి ఇస్తాడు," అన్నాడు విశ్వనాథం ఎంతో తృప్తిగా.

ఇంట్లో ఆయన పెట్టిన ఇంకో కట్టుబాటు కూడా చెప్పుకోవాలి. కిందటేడు ఎవడో ఇమిగ్రేషన్ ఆఫీసరునని ఫోన్ చేసి సుమతిని హడలగొట్టాడు. అప్పట్నించి తెలియని నంబరు ఎవరూ ఎత్తకూడదు, మిన్ను విరిగి మీద పడ్డా ఎత్తకూడదు. ఈ రెండు జాగ్రత్తలూ ఒకదానికొకటి ఎదురుపడితే ఏమవుతుందో మాత్రం ఆ మహానుభావుడు ఆలోచించలేదు.

ఆ ఉదయం ఊరంతా మంచు కమ్మి, రోడ్డు అవతలి దీపాలు కూడా మసకగా ఉన్నాయి. స్టోరులో విశ్వనాథం కొబ్బరికాయలు ఏరడం మొదలుపెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితేగాని ఆయనకు కాయ మీద నమ్మకం కుదరదు. రెండు చేతులూ కావాల్సి వచ్చి ఫోన్‌ని కాయల మీదే పెట్టాడు. కాయలు తీసుకున్నాడు, వెనక అరలో తమలపాకుల కోసం వెతికాడు, కౌంటరు దగ్గరికొచ్చి జేబు తడుముకున్నాడు. ఫోన్ లేదు. పరుగున వెనక్కి వెళ్ళి చూస్తే కొబ్బరికాయలు తప్ప ఏమీ లేవు.

"నేను చూళ్ళేదంకుల్," అంది కౌంటరు అమ్మాయి.

పంతులుగారి దక్షిణకని చొక్కా జేబులో పెట్టుకున్న నోటిచ్చి సరుకు తీసుకున్నాడు. స్టోరు ఫోన్ అడిగి సుమతికి చేశాడు. మోగింది, మోగింది, చివరికి ఒక ఆడగొంతు మెయిల్‌బాక్స్ నిండిపోయిందని ఇంగ్లీషులో చల్లగా చెప్పింది. మళ్ళీ చేశాడు. అదే గొంతు. తన ఫోన్‌కే చేసి చూద్దామని ఆ కంగారులో తట్టనే లేదు. అవతల సుమతి తెలియని నంబరును కట్ చేస్తూ, మొగుడి మాట ఎంత బాగా పాటిస్తోందో!

బయటికొచ్చి కారు ముందు నిలబడ్డాడు. కారు తాళం ఫోన్‌లోనే ఉంది. తలుపు లాగితే ఉలకదు, పలకదు. అద్దంలోంచి సీటు మీద కోటు కనిపిస్తోంది గానీ చేతికి రాదు. ఎప్పుడూ ఆయన దగ్గరికి రాగానే దీపాలు వెలిగించి పలకరించే కారు, ఆ పూట ఆయన అక్కడ లేనట్టే ఊరుకుంది. ఇల్లు దగ్గరే కదా అని నడక మొదలుపెట్టాడు.

దగ్గరే, కానీ దారి కూడా ఫోన్‌లోనే ఉంది. ఆ కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చు. అదే బూడిదరంగు గోడ, అదే తెల్ల గరాజు. వీధిలో నరపురుగు లేదు. ఓ గుమ్మం దగ్గరికెళ్ళి దారి అడుగుదామంటే, తలుపు మీది కెమెరా నీలంగా వెలిగి, మిమ్మల్ని రికార్డు చేస్తున్నామంది. లోపల తెర కదిలింది, అంతే, ఎవరూ రాలేదు. మరో రెండు ఇళ్ళ దగ్గరా అదే వరస. తన అడుగుల చప్పుడే ఎవరో వెంట వస్తున్నట్టు వినిపించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అలా తిరిగి తిరిగి ఒక పాత చర్చి వెనక, వరసగా రాళ్ళు పాతిన పచ్చిక మీద తేలాడు. మంచులో ఆ రాళ్ళేమిటో దగ్గరికెళ్తే గాని తెలియలేదు. అన్నిటి మీదా పేర్లు, తేదీలు ఉన్నాయి.

అక్కడో తెల్లజుట్టు పెద్దాయన కుక్కతో వాహ్యాళికి వచ్చాడు. విశ్వనాథాన్ని చూడగానే కుక్క చెవులు వెనక్కి పెట్టి, కుయ్‌కుయ్‌మంటూ యజమాని కాళ్ళ వెనక దాక్కుంది. "సారీ, డెయిజీ అందరి దగ్గరికీ వెళ్తుంది. ఇవాళే ఇలా..." అని ఇంగ్లీషులో నొచ్చుకుంటూ, ఆయన తన ఫోనిచ్చాడు.

సుమతి ఎత్తలేదు. ఇక మిగిలింది తన సొంత నంబరు. చేశాడు. రెండో రింగుకే ఎవరో ఎత్తారు.

"హలో, ఎవరండీ?" అందొక పెద్దావిడ గొంతు, తెలుగులో.

ప్రాణం లేచొచ్చింది విశ్వనాథానికి. "అమ్మయ్య! నేనండీ, విశ్వనాథాన్ని!"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఏ... ఏ విశ్వనాథం?"

"ఫోన్ మీద ఫోటో ఉంది చూడండి, దండతో. ఆ విశ్వనాథాన్నే."

"ఎక్కణ్ణుంచి... మాట్లాడుతున్నారు నాయనా?"

విశ్వనాథం ఒకసారి చుట్టూ చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. "సమాధుల మధ్య ఉన్నానండీ. చాలా చలిగా ఉంది. ఇంటికి దారి తెలియట్లేదు. మా ఆవిడకు నేను పిలిచేది వినబడట్లేదు. వచ్చేస్తున్నానని మీరొక్క మాట చెప్పండి, చాలు."

అవతల ఒక కేక, ఆ వెనకే 'శ్రీ ఆంజనేయం' అని ఎలుగెత్తి చదవడం, ఫోన్ కింద పడిన చప్పుడు.

ఆ కేక వేసినావిడ పేరు చాముండేశ్వరి. ఊళ్ళో ఎవరింట కష్టమొచ్చినా ముందుండే మనిషి. కొబ్బరికాయల్లో దొరికిన ఫోన్ మీద దండ వేసిన ఫోటో, కుటుంబ సభ్యుల పేర్లు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, కర్మకాండకు కాయలు కొనడానికొచ్చి దుఃఖంలో ఫోన్ మరిచిపోయారనుకుంది. సుమతికి చేస్తే ఎత్తలేదు. ఎత్తే స్థితిలో ఉండదుగా మరి! ఆ బొమ్మను ఫోటో తీసి, మోరిస్‌విల్ తెలుగువాళ్ళ గ్రూపులన్నిటిలో పెట్టింది. ఇవన్నీ విశ్వనాథానికి తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా, తను పేరు చెబితే మనుషులు కేకలు వేస్తున్నారని.

పెద్దాయన చూపించిన దారిన చివరికి తన వీధికి చేరాడు. వీధంతా కార్లు. తన ఇంటి ముందు చెప్పుల గుట్ట. జనం గుంపులుగా నిలబడి గుసగుసలాడుకుంటున్నారు, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అలవాటు కొద్దీ తనూ బూట్లు విప్పి, బురద మేజోళ్ళతో గుంపు వెనక నిలబడ్డాడు. ముందున్న పెద్దమనిషి వీపు మీద మెల్లగా తట్టాడు. వీరభద్రం అని పిలుస్తున్నారు ఆయన్ని ఎవరో.

"ఎవరండీ పోయింది?" అన్నాడు విశ్వనాథం. ఆ ప్రశ్న ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

వీరభద్రం వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఈ ఇంటాయనే. మంచోడట పాపం."

"మీకు... తెలుసా ఆయన?"

"నాకేం తెల్వది. గ్రూపుల చూసిన, వచ్చిన. పరాయి ఊర్ల మనోళ్ళకు మనం రాకుంటే ఎవరొస్తరు?"

"ఎలా పోయాడటండీ?"

"నిద్రలనే పోయిండట. బాధ పడలే."

పోనీలే బాధ పడలేదు కదా, అనిపించింది విశ్వనాథానికి. ఆ తర్వాత భయం వేసింది. అప్పుడు చూశాడు వరండాలో బల్ల మీద తన ఫోటోని. లాక్ స్క్రీన్ మీదున్నదే, వచ్చినవాళ్ళెవరో పెద్దది చేసి చట్రం కట్టి తెచ్చారు. ముందు దీపం వెలుగుతోంది. కారు పలకలేదు. పెళ్ళాం ఎత్తలేదు. కుక్క చూసి దాక్కుంది. తెరలు కదిలాయి గానీ తలుపులు తెరుచుకోలేదు. అసలు పొద్దున తను మంచం మీంచి లేచినట్టు గుర్తుందా? గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తు రాలేదు. చేతిమీద గిల్లుకున్నాడు. చలికి కొంకర్లు పోయిన చేతికి నొప్పి తెలియలేదు. అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది ఆ మనిషికి. పాలైనా పొంగించకుండానే పోయాననుకున్నాడు.

లోపల్నించి సుమతి గొంతు గలగలా వినిపిస్తోంది. వరండాలో సంగతేమీ ఆవిడకు తెలియదు. "రండి రండి, పిలవకపోయినా ఇంతమంది వచ్చారు, ఎంత సంతోషంగా ఉందో! మావారు ఇప్పుడే వెళ్ళారు, వచ్చేస్తారు."

"పట్టుచీర కట్టుకుని నవ్వుతోందమ్మా. మతి చలించింది పాపం," అంది గుమ్మం దగ్గర ఒకావిడ, చెంగు నోట్లో కుక్కుకుంటూ.

అంతలో పంతులుగారి కారొచ్చి ఆగింది. ఆయన దిగి, వరండాలో ఫోటో, దీపం చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. "అయ్యయ్యో. మైలపడ్డ ఇంట్లో గృహప్రవేశం ఏమిటి? నాకొక్క మాట చెప్పాల్సింది," అంటూ మళ్ళీ కారు తలుపు తీశాడు. మర్నాటి నుంచి మూఢం. ఆయన వెళ్ళిపోతే అంతే సంగతులు.

చచ్చినవాడైనా సరే, దానికి మాత్రం ఒప్పుకోలేకపోయాడు విశ్వనాథం. కొబ్బరికాయల సంచి పైకెత్తి గొంతు చించుకుని అరిచాడు. "పంతులుగారూ, ఆగండి! నేనిక్కడే ఉన్నాను! పాలు పొంగించాకే ఎక్కడికైనా వెళ్తాను!"

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఎవరూ కేక వేయలేదు, అదీ భయంకరం. వీరభద్రం మెల్లగా రెండడుగులు పక్కకు జరిగాడు. చాముండేశ్వరి చేతిలోని చారు గిన్నెను గుండెలకు హత్తుకుంది. తర్వాత ఆ జనమంతా, పంతులుగారితో సహా, విశ్వనాథం పాదాల వంక చూశారు. దయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయి కదా! విశ్వనాథం కూడా వంగి చూసుకున్నాడు. బురద మేజోళ్ళలో వేళ్ళు ముందుకే ఉన్నాయి. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

గొడవ విని సుమతి బయటికొచ్చింది. ఫోటో చూసింది, దీపం చూసింది, మొగుణ్ణి చూసింది. విషయం అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. మెట్లు దిగొచ్చి చొక్కా పట్టుకుని భోరుమంది. "ఒక్క ఫోన్ చేయొచ్చుగా!"

"చేశానే! ఎన్నిసార్లని! నువ్వెత్తితేగా!"

"తెలియని నంబరు ఎత్తొద్దన్నది మీరేగా!"

పంతులుగారు దగ్గరికొచ్చి, ఎందుకైనా మంచిదని ఆయన నాడి పట్టుకుని చూసి, ఆడుతోందని నిర్ధారించుకున్నాడు. "కర్త సజీవంగా ఉన్నాడు. మైల లేదు. ముందా దీపం కొండెక్కించి, ఫోటో తీసేయండి. కాళ్ళు కడుక్కోండి, వేళ మించిపోతోంది," అన్నాడు. ఆ మాట వినగానే సుమతి ఏడుపాపి కొబ్బరికాయలు అందుకుంది. హాసిని పాలగిన్నె పట్టుకొచ్చింది. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు మాత్రం చాముండేశ్వరి విశ్వనాథం చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి దూరం జరిగింది.

ముహూర్తంలోనే, ఇల్లు కిటకిటలాడుతుండగా పాలు పొంగాయి. తూర్పు వైపుకి, నిండుగా, సుమతి కలలుగన్నట్టే పొంగాయి. చావింటికని ఉల్లి లేకుండా వండి తెచ్చిన పప్పూ చారూ విస్తళ్ళలో వడ్డించారు. అందరూ పద్ధతిగా తిన్నారు, నిండు నూరేళ్ళూ బతకమని దీవించారు, విశ్వనాథానికి కాస్త ఎడంగానే కూర్చున్నారు. పోయేటప్పుడు మాత్రం ఒక్కళ్ళూ 'వెళ్ళొస్తాం' అనలేదు. పరామర్శకొచ్చిన ఇంటి నుంచి అలా అనకూడదు, గృహప్రవేశానికొచ్చిన ఇంటి నుంచి అనకపోతే బాగుండదు. ఏదీ తేల్చుకోలేక, తాంబూలాలు తీసుకుని చప్పుడు కాకుండా ఒక్కొక్కరే మంచులోకి జారుకున్నారు.

ఆ మధ్యాహ్నం మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళంతా ఇళ్ళకెళ్ళి తలస్నానాలు చేశారట. ఎందుకైనా మంచిదని విశ్వనాథం కూడా చేశాడు.