మొదటి ఆట ఏలియాది

కంభాలపాడులో ఏ సినిమా చూడొచ్చో ఏది చూడక్కర్లేదో తేల్చే పని చనిపోయినవాళ్లది. శుక్రవారం ఉదయం కొత్త సినిమా మొదటి ఆటకు ఆసుపత్రి నుంచి ఒక శవాన్ని తెచ్చి కనకమహల్ టాకీసులో నడిమి వరసలో కూర్చోబెడతారు. ఆట అయిపోయాక చిత్ర నిర్ణయ శాఖ అధికారి వచ్చి కళ్లు చూస్తాడు. రెండు కళ్లూ తెరిచి ఉంటే సినిమా చూడొచ్చు. ఒకటి తెరిచి ఒకటి మూసి ఉంటే ఒకసారి చూడొచ్చు. రెండూ మూసుకుపోయి ఉంటే అక్కర్లేదు. నోరు కూడా తెరుచుకుని ఉంటే పిల్లాపాపలతో వెళ్లొచ్చని అర్థం. మధ్యాహ్నం ఆటకు టిక్కెట్లు తెగేదీ తెగనిదీ దాన్నిబట్టే.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. అంతకుముందు బతికున్నవాళ్లే చెప్పేవాళ్లు. హీరోది తమ కులమైతే పేర్లు పడకముందే బాగుందనేవాళ్లు. కాకపోతే గేటు దాటకముందే బాగాలేదనేవాళ్లు. గేటు బయట మైకు పెడితే, లోపలికి అడుగు పెట్టనివాళ్లే ముందు మాట్లాడేవాళ్లు. ఫోన్లో రేటింగులు ఇచ్చేవాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో తెలిసేది కాదు. తలలు పగిలాయి. ప్రభుత్వం కమిటీ వేసింది. చచ్చినవాడికి కులం ఉండదు, అభిమానం ఉండదు, ఎవరి దగ్గరా ఏమీ ఆశించడు, కాబట్టి అతనిదే నిష్పక్షపాతమైన మాట అని కమిటీ తేల్చింది. చచ్చినవాడికి కులం ఉండదన్నది కాగితం మీద బాగానే ఉంది. కంభాలపాడులో శ్మశానాలు మాత్రం కులానికొకటి.

మొదట్లో కొన్ని చిక్కులు వచ్చాయి. మనిషి పోగానే అయినవాళ్లు కళ్లు మూసేస్తారు గదా. అట్లా మూసిన శవాలతో వరసగా కొన్ని పెద్ద సినిమాలు మట్టికొట్టుకుపోయాయి. నిర్మాతలు గోల పెట్టారు. అప్పుడు గురువారం సాయంత్రం నుంచి పోయేవాళ్ల కళ్లు ఎవరూ మూయకూడదని ఉత్తర్వు వచ్చింది. ముసలివాళ్లు పనికిరారు, శుక్లాలుంటాయి. పురుగుమందు తాగినవాళ్లు పనికిరారు, వాళ్లు ముందే ఒక అభిప్రాయానికి వచ్చి ఉంటారని శాఖవారి వాదన. శవం కుర్చీలో పక్కకు వాలిపోకుండా భుజం పట్టుకోడానికి అయినవాళ్లు ఒకరు కూర్చోవచ్చు. భుజమే పట్టుకోవాలి. ముఖం ముట్టుకోకూడదు.

ఆ శుక్రవారం ఆసుపత్రికి పంపాల్సిన పని పడలేదు. టాకీసు ముందే శవం దొరికింది. దొరికింది ఏలియా.

ఏలియా కటౌట్లు కట్టే కూలి. సరుగుడు కర్రలు నిలబెట్టి, కొబ్బరి తాళ్లతో బిగించి, నాలుగంతస్తుల హీరోని తెల్లారేసరికి లేపి నిలబెట్టే ముఠాలో పెద్ద పనివాడు. ఆ రోజు తెలతెలవారుతుండగా హీరో భుజం మీద కూర్చుని మెడలో బంతిపూల దండ కడుతుంటే కాలి కింద కర్ర విరిగింది. వెల్లకిలా పడ్డాడు. పడేటప్పుడు ముఖం పైకే ఉంది, హీరో వైపు. కళ్లు అట్లాగే ఉండిపోయాయి.

నిర్ణయాధికారి భానుమూర్తి వచ్చి వంగి చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన కళ్లు చూడలేదన్నాడు. అప్పటికి ఏలియా భార్య దీవెనమ్మ ఊరవతల పాలెం నుంచి పరుగెత్తుకొచ్చి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె చెయ్యి అతని కళ్ల వైపు పోతుంటే అధికారి గొడుగు అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, కళ్లజోడు వాడేవాడా?"

"లేదయ్యా."

"దూరపు చూపు బాగుండేదా?"

"పైన కూర్చున్నా, కింద జనంలో నన్ను గుర్తుపట్టేవోడు."

"మంచిది." వెంట వచ్చిన గుమాస్తా వైపు తిరిగి రాసుకోమన్నాడు. "తాగేవాడా?"

"అయ్యా, కళ్లు మూసి తీసుకుపోతాం. పాస్టరుగారొచ్చి ఉండారు. గొయ్యి తవ్వేదానికి మనుషులు పొయ్యారు."

"తీసుకెళ్దువుగానీ. ఆట అయిపోనీ."

"అప్పటికి రెప్పలు బిగుసుకపోతాయంట గదయ్యా. ఇక ఎంత మూసినా మూతపడవంట."

"పడవు," అన్నాడు అధికారి. ఆ విషయం మీద ఆయనకు మంచి అనుభవముంది. "అది మాకూ సౌకర్యమే."

పాలెంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోతే దగ్గరివాళ్లు అరచేత్తో కళ్లు మూయాలి. మూయకుండా పూడ్చరు. పూడిస్తే కళ్లల్లో మట్టి పడుతుంది. అంతకంటే పెద్ద కారణం ఎవరూ చెప్పరు, దీవెనమ్మకు అంతకంటే అక్కర్లేదు కూడా. ఏలియా పని నుంచి వస్తే రోజూ కళ్లల్లో కొబ్బరి పీచు నలుసులుండేవి. ఆమె కొంగు చివర ముడిచి, నోటి దగ్గర పెట్టుకుని ఊది వెచ్చజేసి, రెప్ప మీద అద్దేది. ఆ కళ్లల్లో గంపలకొద్దీ మట్టి పోయడం ఆమెకు ఊహకందలేదు.

కర్ర ఎందుకు విరిగిందని ఆమె ఒకసారి అడిగింది. విరిగిన ముక్క పక్కనే పడి ఉంది, లోపలంతా చెదలు. అది మా శాఖ కాదని భానుమూర్తి చెప్పాడు. ఏ శాఖో కూడా చెప్పలేదు. ఆయనకు నిజంగానే తెలియదు.

ఏలియాను కుర్చీలో ఎత్తి లోపలికి మోసుకెళ్తుంటే, దండ సగమే కట్టి ఉందని ఎవరో గుర్తుచేశారు. ఏలియా తమ్ముడు దానియేలు కళ్లు తుడుచుకుని మళ్లీ కటౌటు ఎక్కాడు. అన్న వదిలిన ముడి దగ్గర నుంచి మొదలుపెట్టి రెండో భుజం దాకా కట్టుకొచ్చాడు. దిగాక వదిన దగ్గరికొచ్చాడు.

"వదినా, లోపల నువ్వే కూచో. నావల్ల గాదు."

"నేను కళ్లు మూస్తా దానియేలూ."

"మూయబాక." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మూసినావంటే సినిమా పోద్ది. మళ్లా మనల్ని ఈ టౌన్లో ఒక్క కర్ర నిలబెట్టనీరు. ముఠాలో ఎన్ని కొంపలుండాయో నీకు తెలవదా?"

"మీ అన్న కళ్లల్లో మన్ను పోస్తావా నువ్వు?"

దానియేలు చేతికంటిన బంతిపూల రెక్కలు దులుపుకున్నాడు.

అభిమాన సంఘం అధ్యక్షుడు శివకోటి వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "అక్కా, అన్న మా వాడు. మా హీరో భుజం మీద ప్రాణం వదిలినోడు. పాడె మేమే మోస్తాం. నువ్వు భుజం గట్టిగా పట్టుకో, సాలు. కళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడు." అతను పోగానే ఎదుటి హీరో సంఘం వాళ్లు వచ్చారు. జీవితంలో పాలెం గడప తొక్కనివాళ్లు. "మూసెయ్యి తల్లీ," అన్నారు వాళ్లు. "మీ ఆచారం మీది. ఎవుడాపుతాడో మేం చూస్తాం." పోయేముందు వాళ్లలో ఒకడు తలుపులోంచి తొంగి శవాన్ని ఎగాదిగా చూసి, "కొంచెం నిద్రమొహంలాగే ఉందిలేరా," అని పక్కవాడితో అన్నాడు.

ఆట మొదలైంది. టాకీసులో ఏలియా, దీవెనమ్మ, తెరకు వీపు పెట్టి కూర్చున్న గుమాస్తా, ఏలియా ముఖానికి ఎదురుగా నిలబెట్టిన కెమెరా. అంతే. ఊరంతా బయట ఉంది. టాకీసు గోడకు కట్టిన పెద్ద తెర మీద ఏలియా ముఖం పడుతోంది. జనం దాన్ని చూస్తున్నారు. ముందు వరసల కోసం తోసుకుంటున్నారు. రెప్ప కదిలినట్టు అనిపించినప్పుడల్లా ఒక గుంపు ఈల వేసేది, ఇంకో గుంపు బూతులు తిట్టేది. సినిమా ఏమిటో, కథేమిటో ఎవరికీ అక్కర్లేదు. అది చూసి చెప్పడానికే గదా అతణ్ని కూర్చోబెట్టింది.

దీవెనమ్మ కూడా తెర చూడలేదు. భుజం పట్టుకుని అతని కళ్లే చూస్తూ కూర్చుంది. ఆ కళ్లల్లో సినిమా ఆడుతోంది. ఎరుపు, తర్వాత నీలం, తర్వాత పాట వచ్చినట్టుంది, రంగులు గిరగిరా తిరిగాయి. కంటిపాపలో చీమంత హీరో నడుస్తున్నాడు, చీమంత మనుషుల్ని కొడుతున్నాడు. ఆమె చెయ్యి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ బయట జనం హోరు గోడలో నుంచి వినిపించింది. దానియేలు మాట గుర్తొచ్చింది. ముఠాలో ఇళ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, వాటి పొయ్యిలతో సహా. చెయ్యి భుజం మీదికే తిరిగొచ్చింది.

విరామంలో దీపాలు వేశారు. నియమం ప్రకారం చనిపోయిన ప్రేక్షకుడికి కూడా విరామం ఇవ్వాలి. కుర్రాడెవరో కాదు, టాకీసు మేనేజరే స్వయంగా వచ్చి ఏలియా ఒళ్లో సమోసా పొట్లం పెట్టి వెళ్లాడు. గుమాస్తా నడుం విరుచుకుంటూ అడిగాడు. "ఎట్లా ఉందమ్మా ఫస్టాఫు?"

"నాకేం తెలుసు బాబూ."

"నిజమే. నీకు తెలియకూడదులే. బతికున్నవాళ్ల మాట చెల్లదు." అని సమోసా పొట్లం తాను తీసుకున్నాడు.

రెండో సగంలో హీరో ఒక మేడ మీద నుంచి దూకాడు. దీవెనమ్మ దాన్ని భర్త కంటిపాపలోనే చూసింది. చీమంత మనిషి పైనుంచి పడుతున్నాడు, పడుతూ పడుతూ నేల మీద కాళ్లతో నిలబడ్డాడు. చొక్కా దులుపుకున్నాడు. నడిచి వెళ్లిపోయాడు.

అప్పుడామె కొంగు చివర ముడిచింది. నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. వెచ్చబడ్డాక ఏలియా కళ్ల మీద అద్ది, అరచెయ్యి పెట్టి కిందికి నిమిరింది. గుమాస్తా లేచి నిలబడ్డాడు. బయట ఊరు ఊరంతా నోరు మూసుకుంది. గోడ తెర మీద ఏలియా ముఖం కనబడటం లేదు, దీవెనమ్మ చెయ్యే కనబడుతోంది. ఏలియా చేతిలా తాడు కోసిన గీతలు లేవు గానీ, అది కూడా కూలి చెయ్యే.

చెయ్యి తీసింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

మళ్లీ ఊదింది, మళ్లీ అద్దింది, ఈసారి గట్టిగా నొక్కింది. రెప్పలు చెక్కలాగా ఉన్నాయి. "మూసుకోవయ్యా," అంది చిన్నగా, ఇంట్లో అన్నట్టు. "సాల్లే ఇంక, మూసుకో."

బయట టపాకాయలు పేలాయి. పెళ్లాం మూయబోయినా మూయనీయలేదు, చచ్చి కూడా చూపు తిప్పుకోలేదు అని శివకోటి మైకులో అరుస్తున్నాడు. కటౌటు మీద పాల బిందెలు కుమ్మరించారు. ఎదుటి సంఘం వాళ్లు మాత్రం ముఖం ముట్టుకోవడం నేరమని అధికారికి అర్జీ ఇచ్చారు. భానుమూర్తి దాన్ని అక్కడికక్కడే విచారించి కొట్టేశాడు. నేరం జరిగింది నిజమే గానీ దానివల్ల ఫలితం మారలేదు, పైగా బలపడింది, కాబట్టి ఇది నేరం కాదు, అదనపు పరీక్ష అని ఉత్తర్వు ఇచ్చాడు. ఇకమీదట ప్రతి సినిమాకూ ఇట్లాగే భార్యల చేత కళ్లు మూయించి చూస్తే ఎట్లా ఉంటుందని పైకి ఒక సూచన కూడా పంపాడు. అది పరిశీలనలో ఉంది.

మధ్యాహ్నం ఆటకు టిక్కెట్లు గేటు దగ్గరే అయిపోయాయి. శివకోటి మాట తప్పలేదు, అభిమానులే పాడె మోశారు. వాళ్లు ఆ శ్మశానంలోకి రావడం అదే మొదటిసారి, దారి కనుక్కోవాల్సి వచ్చింది. మట్టి వేసే ముందు దీవెనమ్మ తన కొంగు చింపి ఏలియా ముఖం మీద కప్పింది. ఫోటోలో కళ్లు కనబడాలని ఒకతను దాన్ని పక్కకు లాగాడు. ఫోటో తీసుకున్నాక మళ్లీ కప్పబోయాడు గానీ, అప్పటికే వెనకనుంచి మొదటి గంప పడింది. సమాధి మీద కూడా పాలు పోశారు. ఆరిపోయాక చీమలు పట్టాయి.

సోమవారానికి ఊరంతా పోస్టర్లు. ఒక పక్క హీరో, ఇంకో పక్క ఏలియా కళ్లు, వాటి మీదికి వస్తున్న దీవెనమ్మ చెయ్యి. బస్టాండు దగ్గర ఆమె ఆ చెయ్యి కింది నుంచే నడిచి పనికి పోయేది. "బాగుందంట గదా సినిమా?" అని నాట్లకొచ్చిన ఆడవాళ్లు అడిగారు. వెక్కిరింత కాదు. పోదామా వద్దా అని తేల్చుకోలేక అడిగారు. ఆమెకంటే దగ్గరగా తెలిసినవాళ్లెవరు?

తర్వాతి వారం ఆమె కనకమహల్‌కు వచ్చింది. అతను చివరికి చూసిందేమిటో ఆమెకు తెలియాలి. టాకీసు ముందు రాబోయే సినిమాకు కొత్త కటౌటు కర్రలు కడుతున్నారు. ముఠాకు పని పోలేదు, ఇంకా పెరిగింది. దానియేలు పైనుంచి ఆమెను గుర్తుపట్టాడు.

"వదినా, నువ్వు గూడా వొచ్చినావా?"

"కర్ర చూసి కాలు పెట్టు," అంది ఆమె తలెత్తకుండా.

"పాత కర్రలే వదినా. కొత్తవి రాలా."

నడిమి వరసలో ఆ కుర్చీకి దండ వేసి ఉంది. మేనేజరు దండ తీసి ఆమెను కూర్చోబెట్టాడు. దీపాలు ఆరాయి. సినిమా మొదలైన కాసేపటికి ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు. పక్కవాళ్లు పక్కకు తిరిగారు. బాల్కనీలో వాళ్లు లేచి నిలబడి కిందికి వంగారు. తెర వెలుతురులో అందరూ ఆమె కళ్లే చూస్తున్నారు. ఎవరో పోయి గుమాస్తాను పిలుచుకొచ్చారు. అతను తెరకు వీపు పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

మేడ మీద నుంచి మనిషి దూకాడు. కాళ్లతో నిలబడ్డాడు. చొక్కా దులుపుకున్నాడు. దీవెనమ్మ రెప్ప వేయలేదు.

బతికున్నవాళ్ల మాట చెల్లదని నియమం ఉంది. గుమాస్తా ఆమె కళ్లలోకి కాసేపు చూసి, చూడొచ్చు అని రాసుకున్నాడు. హాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దీవెనమ్మ కూడా చెప్పలేదు.