బల్ల మీద పెట్టిన కార్డు

ఆ బుధవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు బెల్లంపల్లిలో సన్నని ముసురు పడుతోంది; గాలి లేదు. దెబోరా టేపు పట్టుకుని చర్చిలోని కంప్యూటరు పెట్టెను కొలిచింది. ఉద్యోగకాలమంతా లెక్కలు చెప్పిన టీచరు గనుక రెండుసార్లు కొలిచింది. రెండుసార్లూ పెట్టె విప్పకుండా బయటినుంచే కొలిచింది.

ఆదివారం ఆమె భర్త మైసయ్య జ్ఞాపకార్థ కూడిక. అతణ్ణి ఎత్తుకుని పెంచిన అక్క మార్తవ్వ తుంటి విరిగి చొప్పదండిలో మంచం మీద ఉంది. నిరుడు మైసయ్య పోయినప్పుడు, ఆపరేషనుకు వెళ్లబోతున్న మనిషికి ఆ మాట చెప్పలేక, తమ్ముడితో మాట్లాడతానంటే అతని ఫోను ఖరాబైందని దెబోరా దాటవేసింది. తమ్ముణ్ణి మట్టిలో పెట్టాక గాని మార్తవ్వకు తెలియలేదు. ఈ కూడికనైనా ఫోనులో చూపిస్తానని దెబోరా మాట ఇచ్చింది. అయితే చర్చి కంప్యూటరు నుంచి ప్రసారం చేస్తే బొమ్మ మాటిమాటికీ కొయ్యబారిపోయేది. లోపల బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డు మార్చాలని ఆమె మరిది కొడుకు, చర్చిలో కీబోర్డు వాయించే డేవిడ్ తేల్చాడు.

మధ్యాహ్నం కరీంనగర్‌లో కంప్యూటర్ల కొట్టు యజమాని ఉపేందర్‌రావు ఆమె చెప్పిన కొలత విని తలూపాడు. "సరిపోతదనే అనుకుంటున్నమ్మా. అయినా బిగించి సూడుండ్రి. పట్టకుంటె వాపస్ తీస్కుంట."

ఆ సాయంత్రమే ప్రార్థన కూడిక ఉండడం వల్ల ఆ మాట వ్యర్థమైంది. ఆ సంఘంలో కొత్త వస్తువు ఏదైనా ముందు ప్రభువు బల్ల మీద పెట్టి ప్రతిష్ఠ చేస్తారు. అక్కడ పెట్టినది దేవునిది, తిరిగి పుచ్చుకోరు. పాస్టరు స్టీఫెన్, ఆమె కొని తెచ్చిన కార్డు విప్పని డబ్బా మీద చెయ్యి ఉంచి దీర్ఘంగా ప్రార్థించాడు.

మర్నాడు డేవిడ్ కంప్యూటరు పెట్టె విప్పాడు. కార్డు రెండు వేళ్లు ఎక్కువ పొడవుంది.

"వాపస్ ఇద్దాం పెద్దమ్మా."

"బల్ల మీద పెట్టినంక వాపసేందిరా? దేవునికి కొలత తప్పిందంటవా?"

"దేవునికి గాదు, నీకు."

కార్డు మారదు గనుక పెట్టె మారాలి. గేట్లు చేసే సిద్దిరాములు వచ్చి లోపలి ఇనుప అరను కోసేశాడు. అందులో ఉండవలసిన హార్డ్ డిస్కు వైరుకు వేలాడింది. కార్డుకు, కరెంటు అందించే పాత పవర్ సప్లై డబ్బా చాలలేదు; కొత్తది తెస్తే అది పెట్టెలో పట్టలేదు. దాన్ని బయట, చినిగిన కీర్తనల పుస్తకాల దొంతర మీద నిలిపారు.

"గిది కంప్యూటరా, దవాఖానల పేషెంటా?" అన్నాడు సిద్దిరాములు. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం చర్చి గంట కొట్టే వేళకు పని ముగిసింది. మీట నొక్కితే ఫ్యాన్లన్నీ తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. రెండో కీర్తన అయిపోయినా వెలగలేదు. డేవిడ్ బయటికి వచ్చి చొప్పదండికి ఫోను చేశాడు.

"అత్తా, జర కంప్యూటర్ ఖరాబైంది."



"దెబోరాకు ఫోనియ్యి."

"ప్రార్థనల ఉన్నది, ఇప్పుడు మాట్లాడది."

మార్తవ్వ ఫోను పెట్టేసింది.

కూడిక ముగిసి భోజనాలు జరుగుతుండగా చొప్పదండి నుంచి కారు వచ్చి ముసురులో ఆగింది. పక్కింటి జానకీబాయి కొడుకు నడుపుతున్నాడు. వెనక సీటులో పరుపు మీద మార్తవ్వ, దారిపొడుగునా ఏడ్చిన ముఖంతో. అన్నం కలుపుతున్న దెబోరాను చూసేసరికి ఆ ఏడుపు మధ్యలో తెగిపోయింది.

"బతికే ఉన్నవా?"

"ఉన్న వదినా."

"నిరుడు తమ్ముడు పోతె ఫోను ఖరాబన్నరు. ఇయ్యాల కంప్యూటర్ ఖరాబన్నరు. నువ్వు గూడ పోయినవనుకున్న."

"నిజంగనే ఖరాబైంది. లోపలికొచ్చి సూడు."

కుర్చీలో మోసుకెళ్లి చూపించారు. వేలాడే డిస్కునూ, పుస్తకాల మీది ఇనుప డబ్బానూ మార్తవ్వ చాలాసేపు పరికించింది.

"నిజమే," అంది.

అక్కడి నుంచి అదే కుర్చీలో మైసయ్య సమాధి దగ్గరికి తీసుకుపోయారు. ఆమె వంగి తడి మట్టిని తడిమింది. "తలకాడ మన్ను కుంగింది. వీనికి తల తడిస్తె పడిసెం పడ్తదని ఎవ్వలకు యాదికి లేదా?" డేవిడ్ పార తెచ్చాడు.

చీకటి పడే వేళ స్టీఫెన్ కంప్యూటరు వెనకకు వంగి చూశాడు. తెర వైరు కార్డుకు కాక, పెట్టెకు ఉన్న పాత రంధ్రానికే తగిలించి ఉంది. మార్చి పెట్టగానే తెర వెలిగింది.

మూడేళ్ల తర్వాత మార్తవ్వనూ ఆ సమాధి పక్కనే పెట్టారు. ఆమె భూస్థాపన కూడిక చొప్పదండి దాకా ఒక్కసారి కూడా ఆగకుండా ప్రసారమైంది. చూడవలసిన వాళ్లెవరూ అక్కడ మిగల్లేదు.