చెవిలో కూత ఎవరిది

ఇంకాస్త దగ్గరికి జరగండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. చివ్వెంల దగ్గర గొర్రెలు కాసుకునే దుర్గయ్యకు చెవులు మందగించాయి. మొన్న హైవే మీద మందను దాటిస్తుంటే వెనక లారీ ఎంత హారన్ మోగించినా వినబడలేదు. వెంట్రుకవాసిలో బతికాడు. దవాఖానకు రమ్మంటే మాత్రం, "నాకేమైంది, మీరే గొంతు తగ్గించిన్రు" అనేవాడు.

ఆ పొద్దున భార్య ఉప్పలమ్మ ఉపాయం పన్నింది. "నా చెవుల ఏదో కూత పెడుతున్నదయ్యా. సూర్యాపేట దాకా తోడు రా" అని అతని చెవిలో అరిచింది. దొంగజబ్బే. అక్కడికి చేరాక డాక్టరు ముందు అతన్ని కూర్చోబెట్టాలని ఎత్తు.

దవాఖానలో పనిచేసే శిరీష అనే కోదాడ అమ్మాయి ప్రశ్నల కాగితంతో వచ్చింది. డాక్టరు చూసేముందు అవి అడగాలట.

"ఎవరూ లేనప్పుడు చెవిలో శబ్దం వినిపిస్తుందా అమ్మా?"

"ఇనబడ్తది."

"చుట్టూ సద్దుమణిగితే పెరుగుతుందా?"

"పెరుగుతది."

"దాన్నుంచి తప్పించుకోలేనని భయం వేస్తుందా?"

"ఏస్తది బిడ్డా."

బెంచీల మీద వంతు కోసం కూర్చున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. ఒక్కొక్కరూ తల వంచి తమ చెవిలోకి తామే వినసాగారు. పక్కనున్న మంగమ్మ మెల్లగా, "నాకు గూడ ఇప్పుడే మొదలైంది" అంది. వెనక కూర్చున్న పాండు చెవిలో వేలు పెట్టుకుని, "ఇది జబ్బు కాదవ్వా, దయ్యపు గాలి. ఒకరి మీదికెళ్లి ఒకరికి ఎక్కుతున్నది" అన్నాడు. చీటీలు వదిలేసి అందరూ మెట్లు దిగిపోయారు. ఖాళీ అయిన ఆ హాల్లో ఉప్పలమ్మకు నిజంగానే సన్నగా ఒక కూత వినబడింది.

"అయ్యా, నాకు నిజంగనే మోగుతున్నది" అంది, మళ్లీ అతని చెవిలో.

"మోగకేం జేస్తది? ఈల లెక్క సన్నగ. రాత్రయితే ఇంకింత" అన్నాడు దుర్గయ్య.

శిరీష చేతిలో పెన్ను ఆగింది. "మీకూ ఉందా తాతా? ఎప్పట్నుంచి?" అని గట్టిగా అడిగింది.

"ఎరుకైన కాడికెళ్లి. అందరికీ ఉండేదే గద బిడ్డా."

"లేదు తాతా. మామూలుగా ఎవరికీ ఏమీ వినిపించదు" అని మళ్లీ గట్టిగా చెప్పింది.

దుర్గయ్య వాళ్లిద్దరినీ జాలిగా, కొంచెం భయంగా చూశాడు. "ఏం ఇనబడదా? లోపట సప్పుడే లేకుంట, పీనుగుల లెక్క ఎట్ల పంటున్నరు?" అని లేచాడు. "పాపం, నా పెండ్లానికి ఇన్నేండ్లూ ఏం ఇనబడలేదట. డాక్టరుకు నేను చెప్త" అంటూ తనంతట తానే లోపలికి నడిచాడు.

అట్లా వెళ్లినవాణ్ణి డాక్టరు కూర్చోబెట్టి చెవులు చూశాడు. వారంలో చెవికి మిషను పెట్టారు. ఇప్పుడు మంద హైవే దాటుతుంటే ఉప్పలమ్మకు గుండెదడ లేదు. ఆమె చెవిలో కూత మాత్రం పోలేదు.

ఈ కథ గుర్తుంచుకుని మీవాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఫ్యాను ఆపకండి, చుట్టూ సద్దుమణగనివ్వకండి.