పాలిచ్చే సాక్ష్యం

ఆ చంటిబిడ్డ తల్లికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: సొంత మేకను దొంగిలించిన నేరానికి జైలుకు పోతానేమోనని.

నవ్వకండి. పశువుల దొంగతనమంటే మన చట్టానికి ఎక్కడలేని కోపం. మామూలు మేకకు మూడేళ్లు, పాలిచ్చే మేకకు అయిదేళ్లు, చూలుమేకకు ఏడేళ్లు (కవలలైతే ఎన్నేళ్లో తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది, ఇంకా లేవలేదు).

ఈవిడ మేకను ఎత్తుకుపోయిన దొంగ నాలుగో రోజే దొరికాడు. మేకా దొరికింది. ఈవిడ బిడ్డను చంకనేసుకుని, తాడు పట్టుకుని స్టేషన్‌కు ఒకటే పరుగు. పదినెలల బిడ్డ మరి. డబ్బాపాలు పడితే కక్కేస్తుంది, ఆ మేకపాలే ఒంటికి పడతాయి.

"తాడెందుకమ్మా?" అన్నాడు హెడ్డు కానిస్టేబుల్.

"తోలుకుపోదామని, అన్నా."

"భలేదానివే! అదిప్పుడు నీ మేక కాదు తల్లీ, సాక్ష్యం. తీర్పొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకూడదు."

"మరి దొంగేడీ?"

"ఆయనకి బెయిలొచ్చింది. పొద్దున్నే ఇంటికెళ్లాడు."

"అయితే మేకకీ ఇప్పించండి బెయిలు."

"అదేం నేరం చేసిందని?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

స్టేషన్ వెనక, పట్టుకొచ్చి పడేసిన స్కూటర్ల మధ్య మేక నిలబడి ఉంది. మెడలో నంబరు రాసిన అట్టముక్క. పొదుగు రాయిలా బిగిసిపోయింది. ఈవిడ చదువు ఏడో తరగతిలోనే ఆగింది గానీ, రెండుపూటలా పిండకపోతే పాలు ఎండిపోతాయని తెలియడానికి ఆ చదువు చాలు. బిడ్డను ఒళ్లో సర్దుకుని, అలవాటుకొద్దీ గొంతుక్కూచుని, సంచిలోంచి గ్లాసు తీసింది. రెండు ధారలు పడ్డాయో లేదో,

"ఆపు! సాక్ష్యాన్ని పిండుతున్నావా?"

హెడ్డు కోప్పడలేదు. పుస్తకం తెరిచి, వేలితో వరస చూపిస్తూ నెమ్మదిగా వివరించాడు. పాలు సాక్ష్యంలో భాగం. సాక్ష్యం సర్కారుది. పాలిచ్చే మేకకు అయిదేళ్లు, సర్కారుదైతే దానికి రెట్టింపు. ఆనక ఆ గ్లాసుకు గుడ్డ కట్టి, లక్క వేసి, రెండో సాక్ష్యంగా బీరువాలో పెట్టాడు.

"రేపటికి విరిగిపోతాయి కదన్నా?"

"విరిగాయని రాసుకుంటాంలే."

మనసున్న మనిషి కాబట్టి కేసు పెట్టకుండా ఒక ఫారం చేతిలో పెట్టాడు. 'సాక్ష్యమును పిండుటకు అనుమతి' కోరే ఫారం అది. కింద మేక యజమాని సంతకం కావాలి (యజమాని ఎవరన్నది తీర్పులో తేలుతుంది). నిందితుడు అభ్యంతరం లేదని రాసివ్వాలి.

ఆవిడ దొంగ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అతను వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"అయ్యో చెల్లెమ్మా, చంటిపిల్ల పాలా? నాకేం తెలుసు! తెలిస్తే పక్కింటి మేకను పట్టుకుపోయేవాణ్ణిగా," అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. ఈ వ్యవహారం మొత్తంలో అడిగినరోజే పని చేసిపెట్టిన మనిషి అతనొక్కడే.

యజమాని చోటు ఖాళీగానే ఉన్న ఆ ఫారం విచారణకు రావడానికి నలభై రోజులు పడుతుందట. అందాకా ఆవిడ మేకకు వంద అడుగుల లోపు ఎక్కడా కనబడకూడదు. బిడ్డ చక్కెర నీళ్లు తాగి, చాలక ఏడుస్తోంది.

అందుకని, మీలో ఎవరైనా ఆ స్టేషన్ వైపు వెళ్తే, వెనక స్కూటర్ల మధ్యకు ఒక్కసారి తొంగిచూడండి. నీళ్లు పెట్టారా, పొదుగెలా ఉంది, అంతే, ఆవిడకొక మాట చెప్పి పోండి. మీరు మాత్రం పిండకండి. మీకూ పిల్లలుంటారు, పదేళ్లంటే మాటలా.