అద్దాల బీరువాలో చెక్క గరిటెలు

మందుగుండు ఫ్యాక్టరీ పక్కన కాపురం లేనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. సుఖమంటే ఏమిటో పాపం వాళ్లకు తెలియదు!

నేను అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషినే. అయినా కొండరాళ్లు పేల్చే ఆ నల్లపొడిని ముప్పై ఏళ్లు జల్లించాను కాబట్టి, ఈ విషయంలో నాది పెద్ద చదువు. ఇప్పుడు అదే జల్లెడ గదిలో మా కోడలు పనిచేస్తోంది.

ఆ పొడి నేర్పినంత మర్యాద ఏ బడి నేర్పుతుంది చెప్పండి? నైలాన్, పట్టు చీరలు కట్టకూడదు, రాపిడికి నిప్పురవ్వ పుడుతుంది. ఇక ఖరీదైన చీరల గొడవే లేదు! సెల్‌ఫోన్ గేటు దగ్గర వదిలేయాలి. ఆ ఎనిమిది గంటలూ మా వియ్యపురాలు పిల్లకు బుద్ధులు నూరిపోయలేదు! కోపమొచ్చినా కోడలు గిన్నె చప్పుడు కాకుండా పెడుతుంది, తలుపు మెల్లగా వేస్తుంది. పాత అలవాటు కొద్దీ నేనూ మెల్లగానే తిడతాను. మా ఇంట్లో పోట్లాట జరిగితే పక్కింటావిడ గోడకు చెవి ఆనించి కూర్చున్నా ఒక్క ముక్క దక్కదు!

మొన్న మంగళవారం ఇంకో లాభం కలిగింది. జల్లెడలో చిన్న రాయి పడింది. ఇనప గరిటె దానికి తగిలి రవ్వ లేచింది. గుప్పెడు పొడి భగ్గుమంది. నేల తడిగా ఉండబట్టి అంతటితో ఆగింది. కోడలు రెండు కనుబొమ్మలూ లేకుండా ఇంటికొచ్చింది. అదే బ్యూటీపార్లర్‌లో అయితే గంటసేపు కూర్చోబెట్టేవాళ్లు కాదూ!

"ఇనప గరిటె ఎందుకు పట్టావే? చెక్కవి ఏమయ్యాయి?" అన్నాను.

"ఆఫీసులో అద్దాల బీరువాలో ఉన్నాయత్తయ్యా. ఇన్‌స్పెక్షన్ రోజున తీసిస్తారు. సాయంత్రం తుడిచి మళ్లీ తాళం వేస్తారు."

"నోరు తెరిచి అడగలేకపోయావా?"

"అడిగాను. వాడితే అరిగిపోతాయట."

కాటుకతో కనుబొమ్మలు గీసుకుంటోంది. రెండూ వంకరగానే వచ్చాయి.

మర్నాడు నేనే వెళ్లాను. జల్లెడ గదికి ఆఫీసు అర మైలు దూరం, మధ్యలో ఇంతెత్తు మట్టిగట్టు. మేనేజరు సిగరెట్టు నోట్లో పెట్టుకుని లైటరు తీస్తున్నాడు.

"ఏంటి మామ్మగారూ, ఇలా వచ్చారు?"

"బీరువా తాళంచెవి కోసం నాయనా."

"భలేవారే! ఇంత వయసొచ్చీ ఇంకా భయాలేంటండీ? చిటికెడు పొడి ఏం చేస్తుంది?"

"అదీ నిజమేలే" అంటూ సంచిలోంచి కోడలి చీర తీశాను. ఉతకలేదు. మడతల్లో నల్లపొడి అలాగే ఉంది. ఆయన బల్ల మీద దులపడానికి రెండు కొసలూ పట్టుకున్నాను.

అంత లావు మనిషి అంత చురుగ్గా లేవడం నేనెన్నడూ చూడలేదు! లైటరు జేబులోకి, ఆయన గుమ్మంలోకి చేరడం ఒక్కసారే జరిగింది. అక్కణ్నుంచే తాళంచెవి నా వైపు విసిరాడు. అదీ ఎంతో మెల్లగా!

చెక్క గరిటెలు ఇప్పుడు జల్లెడ గదిలో అరుగుతున్నాయి.

అందుకే చెబుతున్నాను, ఆ పొడిని ఎవరూ తిట్టకండి. మనుషులకు బుద్ధి చెప్పడంలో దాన్ని మించింది లేదు. కాకపోతే, అప్పుడప్పుడూ అది ఆఫీసు బల్ల దాకా రావాలి!